స్పార్టకస్ ఒక్కడు కాదు

1960లో విడుదలైన ‘స్పార్టకస్’ పేరు వినగానే కిర్క్ డగ్లస్ గుర్తొస్తారు. కానీ ఆ సినిమాను అరవై ఏళ్ళకు పైగా నిలబెట్టింది ఆయన చుట్టూ ఉన్న నటీనటులు. ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలన్న నిర్ణయంలోనే ఆ తిరుగుబాటు కథ అర్థమంతా ఉంది.

సినిమాలో పెద్ద తారలు ఎంతమంది ఉంటే సినిమా అంత పెద్దదన్న లెక్క చాలాకాలంగా ఉంది. మల్టీస్టారర్ అన్నప్పుడల్లా మన మనసులో ఉండేది ఆ లెక్కే. 1950ల్లో హాలీవుడ్ దాన్ని గట్టిగా నమ్మింది. ఇంటింటికీ టెలివిజన్ వచ్చి ప్రేక్షకుణ్ణి థియేటర్‌కు దూరం చేస్తుంటే, టీవీ చూపించలేనివన్నీ చూపించాలని స్టూడియోలు పూనుకున్నాయి. వెడల్పాటి తెర, వేలమంది జనం, రాతి కోటలు, పోస్టరు నిండా పేర్లు. 1956లో ‘ద టెన్ కమాండ్‌మెంట్స్’, 1959లో ‘బెన్‌హర్’, 1963లో ‘క్లియోపాత్రా’ ఆ వరసలోవే. వీటిలో చాలావాటిలో తారలు భారీ సెట్లలాగే ఒక హంగు. కథ భారమంతా నాయకుడి మీద ఉంటుంది, మిగతావాళ్ళు వచ్చి తమ సన్నివేశం చేసి వెళ్తారు. ‘స్పార్టకస్’ ఆ కోవలోనే, అదే వ్యాపార లెక్కతోనే మొదలైంది. ఖర్చు దాదాపు 1.2 కోట్ల డాలర్లు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. అయినా ఈ చిత్రంలో తారాగణం చేసిన పని వేరు. స్వేచ్ఛ ఒక్క మనిషి సొత్తు కాదని చెప్పాలనుకున్న కథ ఇది. ఆ మాట సంభాషణల్లో ఉండి తెర మీద లేకపోతే వట్టి ఉపన్యాసమయ్యేది. నటులకు పాత్రలు పంచిన తీరు వల్ల అది ప్రేక్షకుడి కళ్ళముందు రుజువైంది.

కథ చరిత్రలోదే. క్రీస్తుపూర్వం 73లో ఇటలీలోని కాపువా పట్టణంలో, లెంటులస్ బటియాటస్ నడిపే శిక్షణ కేంద్రం నుంచి డెబ్భైమందికి పైగా గ్లాడియేటర్లు తప్పించుకున్నారు. వాళ్ళ నాయకుల్లో ఒకడు థ్రేస్ ప్రాంతం వాడైన స్పార్టకస్. బానిసలు వేలల్లో వచ్చి చేరారు. రెండేళ్ళపాటు రోమన్ సైన్యాలు వాళ్ళ చేతిలో మళ్ళీ మళ్ళీ ఓడాయి. చివరికి 71లో మహా సంపన్నుడైన క్రాసస్ ఆ తిరుగుబాటును అణచివేశాడు. పట్టుబడిన ఆరువేల మందిని కాపువా నుంచి రోమ్ దాకా అప్పియన్ మార్గం పొడవునా శిలువ వేయించాడు. ఈ చరిత్రను హోవార్డ్ ఫాస్ట్ నవలగా రాశారు. కమ్యూనిస్టుల మీద విచారణ జరిపిన అమెరికా ప్రతినిధుల సభ సంఘం అడిగిన వివరాలు ఇవ్వనందుకు ఆయన 1950లో జైలుకు వెళ్ళారు. బయటికొచ్చాక రాసిన నవలను వేయడానికి ప్రచురణకర్తలు భయపడితే 1951లో సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్నారు. తెలుగులోకి కూడా అనువాదమైన నవల అది. కిర్క్ డగ్లస్ తన తల్లి బ్రైనా పేరుతో నడిపిన నిర్మాణ సంస్థ ఆ నవల హక్కులు తీసుకుంది. స్క్రీన్‌ప్లే రాసిన డాల్టన్ ట్రంబో కూడా అదే విచారణ సంఘం ముందు మౌనం పాటించి జైలు అనుభవించినవారే.

రోమ్‌కు మూడు ముఖాలు

ఇలాంటి కథల్లో అణచివేసే వర్గాన్ని ఒకే క్రూరుడిగా చూపడం తేలిక. ఈ చిత్రం ఆ దారి పట్టలేదు. రోమన్ అధికారాన్ని పంచి, ముగ్గురు గొప్ప నటుల చేతికిచ్చింది. క్రాసస్‌గా లారెన్స్ ఒలీవియర్, సెనేట్ నాయకుడు గ్రాకస్‌గా చార్లెస్ లాటన్, గ్లాడియేటర్ల యజమాని బటియాటస్‌గా పీటర్ ఉస్టినోవ్. ముగ్గురూ బ్రిటిష్ రంగస్థలం మీద ఆరితేరినవాళ్ళు, ముగ్గురి నటనా మూడు దారులది. ఒలీవియర్ క్రాసస్ గొంతు పెంచడు. 1948లో ‘హామ్లెట్’ను తానే తీసి, తానే నటించి ఆస్కార్లు గెలుచుకున్న ఆ మహానటుడు ఇక్కడ తన శక్తినంతా అణచిపెట్టుకున్నారు. నిటారుగా నిలబడడం, కళ్ళు కాస్త ముడిచి చూడడం, ఒక్కో మాటను తూచి వదలడం, ఇంతే. రోమ్ అంటే అతనికి మనుషులుండే ఊరు కాదు, మోకరిల్లవలసిన దైవం. అంత భక్తి ఉన్నవాడు కాబట్టే అంత ప్రమాదకారి. డబ్బుకు లొంగడు, భయానికి లొంగడు, ఎదుటి మనిషిని మనిషిగా చూడవలసిన అవసరం కూడా అతనికి ఎప్పుడూ రాలేదు.

అతనికి ఎదురుగా లాటన్. స్థూలకాయం, మందగమనం, నిద్రమత్తు కళ్ళు, వాటి వెనక పదునైన బుద్ధి. ‘ద ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’కు 1930ల్లోనే ఆస్కార్ అందుకున్న ఈ నటుడు గ్రాకస్‌ను ఆశయాలున్న ప్రజానాయకుడిగా చూపలేదు. లంచాలు, బేరాలు, రహస్య ఒప్పందాలతో గణతంత్రాన్ని ఈడ్చుకొస్తున్న పాతకాలపు రాజకీయ నాయకుడిగా చూపారు. గ్రాకస్‌కు తన అవినీతి తెలుసు, దాచుకోడు. కానీ క్రాసస్ తెచ్చే పవిత్రమైన క్రమశిక్షణ కంటే తన మురికి రాజకీయంలోనే మనిషికి ఊపిరాడుతుందని అతని నమ్మకం. సెనేట్‌లో ఈ ఇద్దరూ ఎదురుపడినప్పుడు బానిసల తిరుగుబాటు ఒక్కటే కారణంగా రోమ్ ఎలా చీలుతోందో కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇద్దరు నటుల మధ్య సఖ్యత లేదు. షూటింగ్ జరిగిన 1959లోనే ఇద్దరూ స్ట్రాట్‌ఫర్డ్ షేక్‌స్పియర్ ఉత్సవానికి వెళ్ళారు. అక్కడ ఒలీవియర్ కోరియలేనస్ వేస్తే, లాటన్ కింగ్ లియర్ వేశారు. ఇద్దరి మధ్య ఉన్న ఆ పోటీ తెర మీద రాజకీయ వైరంగా పనికొచ్చింది.

మూడోవాడు బటియాటస్. చెమటలు కక్కుతూ, యజమానుల ముందు వంగి వంగి దండాలు పెడుతూ, బానిసల పళ్ళు పరీక్షించి కొనే వ్యాపారి. క్రాసస్ పరివారంలోని స్త్రీలు చావుదాకా సాగే పోరాటం చూడాలని కోరితే అతను తటపటాయిస్తాడు. అది దయ వల్ల కాదు, సరుకు పాడవుతుందని. ధర చెప్పగానే ఒప్పుకుంటాడు. దుర్మార్గం ఎక్కువగా ఇలాంటి మామూలు మనుషుల చేతుల మీదుగానే నడుస్తుందని ఉస్టినోవ్ చూపించారు. అందుకే ఈ పాత్ర మన మనసులో ఇరుక్కుపోతుంది. సహాయ నటుడిగా ఆస్కార్ ఆయనకే వచ్చింది. ఈ సినిమా దర్శకుడు క్యూబ్రిక్ తీసిన చిత్రాల్లో నటనకు వచ్చిన ఆస్కార్ ఇదొక్కటే. లాటన్‌తో తన సన్నివేశాలను ఉస్టినోవ్ స్వయంగా తిరగరాసుకున్నారు. ఇద్దరూ అంతకుముందు వేరువేరు చిత్రాల్లో నీరో చక్రవర్తి వేషం వేసినవాళ్ళు. లాటన్ 1932లో ‘ద సైన్ ఆఫ్ ద క్రాస్’లో వేస్తే, ఉస్టినోవ్ 1951లో ‘క్వో వాడిస్’లో వేశారు. ఆ ఇద్దరు నీరోలు ఇక్కడ ఓడిపోతున్న గణతంత్రంలో చివరి స్నేహితులయ్యారు. గ్రాకస్ చావుకు సిద్ధపడి, స్పార్టకస్ భార్య వరీనియానూ ఆమె బిడ్డనూ రోమ్ దాటించే పని బటియాటస్‌కు అప్పగించే ఘట్టంలో, జీవితమంతా మనుషుల్ని అమ్ముకున్నవాడిలో తొలిసారి ఆత్మగౌరవం లాంటిది తలెత్తుతుంది. ఇద్దరు నటులు ఒకరి మాట ఒకరు అందుకునే తీరులో ఆ మార్పు సహజంగా వచ్చింది.

పేరు చెప్పని వాడు నేర్పిన పాఠం

ఇక రెండో వైపు చూద్దాం. స్పార్టకస్‌ను నాయకుడిగా మార్చిందెవరు? అతని బలం అనుకుంటాం. గురువు అనుకుంటాం. చిత్రం చెప్పే జవాబు డ్రాబా. ఇథియోపియా నుంచి వచ్చిన ఈ నల్లజాతి గ్లాడియేటర్ పాత్రకు వుడీ స్ట్రోడ్‌ను తీసుకున్నారు. నటుడు కాకముందే స్ట్రోడ్ పేరు అమెరికా అంతటా తెలుసు. 1946లో కెన్నీ వాషింగ్టన్‌తో కలిసి లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టులో చేరి, అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో నల్లవాళ్ళ మీద ఏళ్ళ తరబడి ఉన్న నిషేధాన్ని బద్దలుకొట్టిన ఆటగాడాయన. స్పార్టకస్ స్నేహంగా పేరడిగితే డ్రాబా చెప్పడు. రేపు ఒకరినొకరు చంపుకోవలసి రావచ్చు, ఎందుకు పేర్లు అన్నది అతని తర్కం. ఆ రోజు రానే వస్తుంది. క్రాసస్ పరివారం వినోదం కోసం ఇద్దర్నీ ఎంపిక చేస్తారు. మొదటి జంట పోరు ముగిసేదాకా స్పార్టకస్, డ్రాబా చిన్న చెక్క గదిలో ఎదురెదురుగా కూర్చుంటారు. మాటల్లేవు. పలకల సందుల్లోంచి బయటి పోరు కనిపిస్తూ ఉంటుంది. స్ట్రోడ్ ముఖంలో కోపం ఉండదు, జాలి ఉండదు. ఎదుటివాణ్ణి నిదానంగా చూస్తూ ఏదో నిర్ణయించుకుంటున్న మనిషి ముఖం అది. నాటకరంగ శిక్షణ ఏదీ లేని నటుడు ఆ మౌనంతో ఇచ్చిన బరువును చిత్రంలో ఏ సంభాషణా ఇవ్వలేకపోయింది.

వల, త్రిశూలంతో డ్రాబా గెలుస్తాడు. చంపమని పైనుంచి సైగ వస్తుంది. అతను త్రిశూలాన్ని స్పార్టకస్ గొంతు మీంచి తీసి, రోమన్లు కూర్చున్న వేదిక వైపు విసిరి, తానే పైకి ఎగబాకుతాడు. వెన్నులో ఈటె దిగుతుంది. క్రాసస్ స్వయంగా కత్తితో అతని మెడ కోస్తాడు. తర్వాత ఆ శవాన్ని మిగతా బానిసలు చూసేలా తలకిందులుగా వేలాడదీస్తారు. తిరుగుబాటు ఇంకా మొదలుకాలేదు, కానీ దాని అర్థం ఇక్కడే ఖాయమైంది. ఆ తర్వాత స్పార్టకస్ చేసే ప్రతి పనిలో డ్రాబా ఉన్నాడు. విడుదలైన బానిసలు తమ పాత యజమానులను గోదాలోకి దింపి పోట్లాడిస్తుంటే స్పార్టకస్ వాళ్ళను ఆపుతాడు. కథ చివర క్రాసస్ స్పార్టకస్‌నూ అతని సహచరుడు ఆంటొనైనస్‌నూ ఒకరినొకరు చంపుకోమని ఆజ్ఞాపిస్తాడు. గెలిచినవాడికి శిలువ. ఎదుటివాణ్ణి శిలువ బాధ నుంచి తప్పించాలని ఇద్దరూ గెలవడానికి పోరాడతారు. మొదటి పోరులో చంపకపోవడం ప్రేమ, చివరి పోరులో చంపడమే ప్రేమ. ఈ రెండు పోరాటాల మధ్య జరిగిందే స్పార్టకస్ కథ. నాయకుడి గుణం మొదట అతనిది కాదు, మరొకడు ప్రాణమిచ్చి నేర్పినది.

వరీనియా పాత్రకు మొదట జర్మన్ నటి సబీనా బెత్‌మాన్‌ను తీసుకున్నారు. షూటింగ్ మొదలయ్యాక ఆమెను మార్చి జీన్ సిమ్మన్స్‌ను తెచ్చారు. ఒలీవియర్ హామ్లెట్‌కు ఒఫీలియాగా చేసి ఆస్కార్ నామినేషన్ అందుకున్న నటి ఇప్పుడు అదే ఒలీవియర్ ఇంట బందీగా నిలబడి, అతని అధికారాన్ని ఒప్పుకోని స్త్రీగా కనిపించారు. ఆమె మొదటి ముఖ్య సన్నివేశం గమనించండి. బటియాటస్ ఆమెను స్పార్టకస్ గదిలోకి తోయించి, పైనుంచి చూస్తుంటాడు. తను జంతువును కానని స్పార్టకస్ పైకి చూసి అరుస్తాడు. తను కూడా కానని ఆమె నెమ్మదిగా అంటుంది. ఆ చిన్న మాటతో ఒక్కడి ఆక్రోశం ఇద్దరి హక్కయింది. సిమ్మన్స్ ఆ మాటను అతనికి అభ్యంతరంలా కాక, తానూ అతని పక్కన నిలబడినట్టుగా పలికారు.

ఆంటొనైనస్ పాత్రలో టోనీ కర్టిస్ ఉన్నారు. క్రాసస్ ఇంటి నుంచి పారిపోయి వచ్చిన గాయకుడు అతను. యుద్ధానికి పనికొచ్చే విద్య ఏదీ రాదు. ఇలాంటివాడు తిరుగుబాటులో చేరడమే గొప్ప విషయం. డగ్లస్, కర్టిస్ ఇద్దరూ తూర్పు ఐరోపా నుంచి అమెరికాకు వలసవచ్చిన పేద యూదు కుటుంబాల బిడ్డలు. డగ్లస్ అసలు పేరు ఇసుర్ డానియలోవిచ్, ఆయన తండ్రి పాతబట్టలు, చిత్తుసామాను కొని బతికినవాడు. కర్టిస్ అసలు పేరు బెర్నార్డ్ ష్వార్ట్జ్, దర్జీ కొడుకు. ఆ నేపథ్యం వాళ్ళ నటనలో కొంత కరకుదనంగా, కొంత ఆకలిగా మిగిలింది. ఒలీవియర్ ఎదుట ఆ కరకుదనం ఉండబట్టే రెండు లోకాల మధ్య దూరం మనకు అర్థమవుతుంది.

ఒక్క పేరుకు వేల గొంతులు

ఇవన్నీ కలిసే చోటు ఆ ప్రఖ్యాత ఘట్టం. యుద్ధంలో ఓడి, సంకెళ్ళతో కొండవాలున కూర్చున్న బానిసలకు క్రాసస్ ఒక అవకాశమిస్తాడు. స్పార్టకస్ ఎవరో చూపిస్తే శిలువ తప్పుతుంది. స్పార్టకస్ లేవబోతుండగానే ఆంటొనైనస్ లేచి ఆ పేరు తనదేనంటాడు. ఆ వెంటనే మరొకడు, ఇంకొకడు, చివరికి కొండ అంతా. అప్పుడు కెమెరా డగ్లస్ ముఖం మీద నిలుస్తుంది. ఆయన ఏమీ మాట్లాడరు, కన్నీరు మాత్రమే. కోట్ల డాలర్ల చిత్రానికి నిర్మాత, నాయకుడు అయిన మనిషి తన సినిమాలో అతి ముఖ్యమైన క్షణంలో నోరు తెరవకుండా, తన పేరును పక్కవాళ్ళకు వదిలేశారు. ఈ దృశ్యానికి ముందు క్రాసస్ బటియాటస్‌ను పిలిపించి స్పార్టకస్ రూపురేఖలు అడుగుతాడు. తన కళ్ళెదుటే గోదాలో పోరాడినవాడి ముఖం అతనికి గుర్తే లేదు. పాలించేవాడికి బానిసల ముఖాలన్నీ ఒక్కటే. బానిసలు ఆ గుడ్డితనాన్నే ఆయుధంగా తిప్పికొట్టారు.

తెర వెనక ఈ దృశ్యానికి ఇంకో అర్థముంది. 1947 నుంచి అమెరికాలో కమ్యూనిస్టుల పేర్లు చెప్పమని సినిమావాళ్ళను విచారించారు. చెప్పనివాళ్ళకు జైలు, ఆపైన పని దొరకనివ్వని బ్లాక్‌లిస్టు. ట్రంబో ఏళ్ళ తరబడి మారుపేర్లతో, ఇతరుల పేర్లతో రాశారు. ‘రోమన్ హాలిడే’కు, ‘ద బ్రేవ్ వన్’కు వచ్చిన ఆస్కార్లు అప్పట్లో ఆయన చేతికి అందలేదు. ‘స్పార్టకస్’ స్క్రిప్టు కూడా మొదట సామ్ జాక్సన్ అనే పేరుతోనే నడిచింది. చివరికి తెర మీద ట్రంబో అసలు పేరే పడింది. పేరు చెప్పించాలని చూసే అధికారానికి వేలమంది ఒకే పేరు చెప్పి బదులివ్వడాన్ని, పేర్లు చెప్పనందుకు శిక్ష పడ్డ రచయిత రాశాడు. ఆ గొంతులు కూడా నటులవి మాత్రమే కావు. 1959 అక్టోబరులో మిషిగన్ రాష్ట్రంలోని ఈస్ట్ లాన్సింగ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికొచ్చిన 70,000 మందికి పైగా ప్రేక్షకుల చేత అరిపించి రికార్డు చేశారు. చివరి యుద్ధానికి స్పెయిన్ సైనికులు వేలమంది రోమన్ దళాలుగా నడిచారు. ఈ చిత్ర తారాగణాన్ని లెక్కించేటప్పుడు వీళ్ళనీ కలుపుకోవాలి.

అభ్యంతరాలు

డగ్లస్ సొంతంగా తీసుకున్న సినిమా కదా, ఇందులో సమష్టితత్వం ఎక్కడిదన్నది మొదటి ప్రశ్న. నిజమే. ‘బెన్‌హర్’లో నాయక పాత్ర ఆశించి అది చార్ల్‌టన్ హెస్టన్‌కు దక్కడంతో ఆయన ఈ ప్రాజెక్టు చేపట్టారు. పోస్టరు మీద పెద్ద బొమ్మ ఆయనదే. పోరాటాలు, ప్రేమ, శిలువ అన్నీ ఆయనవే. కానీ నాయకుడిగా వెలగాలనుకునే నిర్మాత తనకంటే గొప్ప నటులుగా పేరున్న ముగ్గుర్ని ఎదురు నిలబెట్టుకోడు. పెట్టుకున్నా వాళ్ళ సన్నివేశాలు కత్తిరిస్తాడు. డగ్లస్ ఆ ముగ్గురికీ చోటిచ్చారు. ఆయన ఉద్దేశం ఏదైనా, మన ముందున్న ఫలితం ఇది. బ్లాక్‌లిస్టు బద్దలుకొట్టిన ఘనత విషయంలోనూ ఇదే మాట చెప్పాలి. ట్రంబో పేరు వేస్తున్నట్టు ‘ఎక్సోడస్’ దర్శకుడు ఓటో ప్రెమింజర్ 1960 జనవరిలోనే ప్రకటించారు. కాబట్టి ఆ ఘనత డగ్లస్ ఒక్కరిది కాదు. దాన్ని నలుగురికీ పంచడం ఈ సినిమా స్వభావానికే సరిపోతుంది.

రోమన్లకు బ్రిటిష్ నటులు, బానిసలకు అమెరికన్ నటులు అన్న సూత్రం గురించి చాలా రాశారు. అది గట్టి సూత్రమేమీ కాదని విమర్శకులు ఎత్తిచూపుతారు, అదీ నిజమే. సీజర్‌గా జాన్ గావిన్, గ్లాబ్రస్‌గా జాన్ డాల్ అమెరికన్లు. బానిస వరీనియా సిమ్మన్స్ లండన్ అమ్మాయి. లాటన్ అప్పటికే అమెరికా పౌరుడు. కాబట్టి ఉచ్చారణ ఒక్కదాన్నే పట్టుకుని వాదిస్తే వాదన నిలవదు. ఇక్కడ అసలు తేడా శిక్షణలో, శరీరంలో ఉంది. ఒక వైపు మాటను ఆయుధంగా మార్చగల రంగస్థల నటులు, రెండో వైపు దేహంతో నటించేవాళ్ళు. గావిన్ సీజర్ ఆ పెద్దల మధ్య కాస్త వెలవెలబోతాడు. కానీ పెద్దల ఆట చూసి నేర్చుకుంటున్న కుర్రవాడి పాత్రకు ఆ వెలితి కూడా సరిపోయింది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి. రుచికరమైన మాటలన్నీ రోమన్లకిచ్చి, బానిసలకు మౌనం, త్యాగం మాత్రమే మిగిల్చారని. డ్రాబా సినిమా మొదటి భాగంలోనే చనిపోతాడు. స్త్రీ పాత్రలు తక్కువ. జాన్ ఐర్లండ్ లాంటి మంచి నటుడు వేసిన గ్లాడియేటర్ క్రిక్సస్‌కు గుర్తుండే సన్నివేశాలు కొన్నే. చరిత్రలో బానిసలు రోమన్ సేనల మీద సాధించిన వరస విజయాలను చిత్రం దాదాపు చూపదు, ఓటమిని మాత్రం విస్తారంగా చూపుతుంది. ఈ లోపాలను కప్పిపుచ్చనక్కర్లేదు. నల్లజాతి విద్యార్థులు గ్రీన్స్‌బరోలో హోటల్ బల్ల ముందు కూర్చుని నిరసన మొదలుపెట్టిన 1960లో, స్ట్రోడ్‌కు ఇంకా పెద్ద చోటివ్వడం న్యాయంగా ఉండేది. అయినా నిడివిని బరువుగా పొరబడకూడదు. సినిమా ముగిశాక స్పార్టకస్ ఎందుకలా మారాడని అడిగితే, జవాబు డ్రాబా దగ్గరికే వెళ్తుంది. రోమన్లు ఎంత అందంగా మాట్లాడినా, ఆ మాటల వల్ల కథ ఒక్క అడుగూ ముందుకు పడదు. కథను నడిపించిన నిర్ణయాలన్నీ బానిసలవే.

చరిత్రను వక్రీకరించారన్న మాటా ఉంది. గ్రాకస్ కల్పిత పాత్ర. ఆ పేరు గుర్తుచేసే భూసంస్కర్తలు గ్రాకస్ సోదరులు క్రీస్తుపూర్వం 133లో, 121లోనే చనిపోయారు. అసలు స్పార్టకస్ శిలువ మీద కాదు, యుద్ధభూమిలో మరణించాడు. అతని శవం దొరకలేదని ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. చరిత్ర పాఠంగా ఈ సినిమాను ఎవరూ చూడకూడదు. అయితే ఆ దొరకని శవంలోనే కథ మూలం ఉంది. ఎవరో గుర్తించలేని నాయకుడు ఎవరైనా కావచ్చు. ట్రంబో ఆ ఖాళీని వేల గొంతులతో నింపారు.

ఇక క్యూబ్రిక్. షూటింగ్ మొదలైన కొద్దిరోజులకే ఆంథొనీ మాన్‌ను తొలగించి ముప్పై ఏళ్ళ క్యూబ్రిక్‌ను తెచ్చారు. పూర్తి అధికారం లేనందుకు ఆయన తర్వాత ఈ చిత్రాన్ని తనదిగా చెప్పుకోలేదు. దర్శకుడే కాదనుకున్న సినిమాను గొప్పదనడం ఎలా అంటారు. క్యూబ్రిక్ తర్వాతి చిత్రాల్లో ఉన్న ఏకదృష్టి ఇందులో లేదు. కొన్ని ప్రేమ సన్నివేశాలు బరువుగా సాగుతాయి, కొన్నిచోట్ల ధోరణి మారిపోతుంది. కానీ ఒక్కడి సంతకం లేకపోవడం ఈ కథకు హాని చేయలేదు. ట్రంబో మాటలు, ఉస్టినోవ్ తిరగరాతలు, యుద్ధ దృశ్యాలకు సాల్ బాస్ రూపకల్పన, అలెక్స్ నార్త్ సంగీతం, ఆస్కార్ అందుకున్న రస్సెల్ మెటీ ఛాయాగ్రహణం, వీటన్నిటినీ క్యూబ్రిక్ క్రమశిక్షణ ఒక్కచోట పట్టి ఉంచింది. అందరి కథను అందరూ కలిసి చెప్పారు.

ఒకరికొకరు గొంతునిచ్చినవాళ్ళు

సెన్సార్ నియమాల ఒత్తిడితో తొలగించిన ఒక సన్నివేశం ఉంది. స్నానాల గదిలో క్రాసస్, ఆంటొనైనస్ అభిరుచుల గురించి మాట్లాడుకునే ఘట్టం. అధికారం శరీరం మీద కూడా హక్కు కోరుతుందని క్రాసస్ మర్యాదైన మాటల్లో చెప్పే చోటు అది. అదిలేక ఆంటొనైనస్ ఎందుకు పారిపోయాడో ప్రేక్షకుడికి సరిగ్గా తెలియలేదు. 1991లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ చిత్రాన్ని పునరుద్ధరించినప్పుడు బొమ్మ దొరికింది, శబ్దం దొరకలేదు. ఒలీవియర్ 1989లోనే కన్నుమూశారు. ఆయన భార్య జోన్ ప్లోరైట్ సూచన మీద ఆంథొనీ హాప్‌కిన్స్ క్రాసస్‌కు గొంతునిచ్చారు. కర్టిస్ తన పాత యవ్వనానికి తానే మళ్ళీ డబ్బింగ్ చెప్పుకున్నారు. ఒక్క నటుడు ఒక్క పాత్రను సొంతం చేసుకోవడమే నటన అనుకునేవాళ్ళకు ఈ సంగతి వింతగా అనిపించవచ్చు. ‘స్పార్టకస్’కు మాత్రం ఇది సరిగ్గా తగింది.

మల్టీస్టారర్ పేరుతో ఇవాళ ఎన్నో భారీ చిత్రాలు వస్తున్నాయి. పోస్టరు మీద పేర్లు, ఒక్కొక్కరికీ పరిచయ దృశ్యం, అభిమానులకు తలా ఒక వాటా. ఆ లెక్కల్లో పాత్రలు పక్కపక్కన ఉంటాయి, ఒకదాన్నొకటి మార్చవు. ఒక పాత్ర లేకపోతే మరో పాత్ర అర్థం మారిపోవాలి, అప్పుడే దాన్ని తారాగణం అనాలి. డ్రాబా లేకుండా స్పార్టకస్ లేడు, గ్రాకస్ లేకుండా క్రాసస్ ప్రమాదం తెలియదు, వరీనియా లేకుండా స్వేచ్ఛకు వారసత్వం లేదు. ఈ కొలబద్దకు నిలిచిన హాలీవుడ్ చారిత్రక చిత్రాలు చాలా తక్కువ, వాటిలో ‘స్పార్టకస్’కే ముందు పీట. ఈసారి చూసేటప్పుడు కత్తిరించినదాన్ని కాక, పునరుద్ధరించిన మూడుగంటల పైచిలుకు ప్రతినే చూడండి. కళ్ళు నాయకుడి మీదికే పోతాయి. కాసేపు వాటిని తిప్పి అతని పక్కనున్నవాళ్ళ వైపు చూడండి. ఆ సినిమా చెప్పదలచుకున్నదంతా వాళ్ళ ముఖాల్లోనే ఉంది.